పంటి గాడి

మూడు రాత్రులు చెంప కింద ఉప్పుమూట పెట్టుకొని పండుకున్న.
నాలుగోనాడు పొద్దుగాల
నాలుకతోని పండ్లు లెక్కవెట్టిన.
పైన పద్నాలుగు, కింద పదమూడు,
అండ్ల ఒక్కటే వాడంత లేపుతాంది.

పోచమ్మమైదాన్ కాడ గొడుగు కింద ఒకాయన
ఎర్రగుడ్డ మీద పీకిన పండ్లు పరుచుకొని కూసుంటడు.
"రెండు వందలియ్యి, నొప్పి తెల్వకుంట ఊడవెరుకుత" అన్నడు.
పట్కారు మీద తుప్పున్నది.
గా పండ్లెవలయో, వాళ్లిప్పుడు దేంతోని నములుతున్నరో
అడగబుద్ధయింది.
అడగలె.

హన్మకొండల అద్దాల దవాఖాన.
చల్లగాలి, గోడ మీద తెల్లగ నవ్వే పిల్ల.
నోరు తెరిచి మూసేలోపు కాయిదం చేతికొచ్చింది:
రూట్ కెనాల్, క్యాపు, పక్కపంటికి గుడ క్యాపు,
అంత కలిపి పద్దెనిమిది వేలు,
ఇయ్యాల కడితే పదహారు.
ముప్పై రెండేండ్ల సంది కొత్తవాడల జంపఖానలు నేసేదాన్ని,
ఇయ్యాల తగ్గే ధర రేపు గుడ తగ్గుతదని నాకెరుకే.
"పక్కపన్ను నొస్తలేదు గద బిడ్డా?"
"ముందుముందు నొస్తది."
ముందుముందుకు నాతాన పైసల్లేవు.

మండీబజార్ల మెట్లెక్కితే సబీహా డాక్టరమ్మ.
అడుగుడు నాకు అలవాటు లేదు,
నన్నే అడుగుతరు గిరాకులు:
రంగు పోతదా? ఎన్నేండ్లొస్తది?
ఎనుక తిప్పి చూడొచ్చా? గింత రేటేంది?
గవే మాటలు కొంగున కట్టుకొని పోయిన.

సూది నా ముంగటనే ఇప్పుతవా?
గోడ మీద నీ పేరు కింద గా నంబరేంది?
పీకుతే ఎంత, ఉంచుకుంటే ఎంత?
క్యాపు పగిలితే తప్పు నాదా, నీదా?
కండ్లకు కనవడేదానికి ఎక్స్‌రే ఎందుకు?

కోపానికొస్తదనుకున్న. రాలె.
సూది కవరు నా ముంగటనే చింపింది.
"నేను తప్పు చేస్తే నా మీద చెప్పుకోను గా నంబరు,
రాసుకొని పో" అన్నది.
ఎక్స్‌రే దీపానికి అడ్డం పట్టింది.
పంటి వేరు కొసకు నల్లటి మచ్చ.
జంపఖాన తిరగేస్తే గాని
తెగిన పోగు అవుపడదు గద, గట్ల.

"ఒక్క పన్నే పెద్దమ్మా. ఆరువేల అయిదు వందలు.
మూడుసార్లు రావాలె, మూడుసార్లకు ఇయ్యి.
గదీ బరువైతే ఎంజీఎంకు పో,
ఆడ చీటి తక్కువ, లైను ఎక్కువ.
పక్కపన్ను మంచిగున్నది, నేను ముట్ట."

పదహారు జంపఖానల మజూరి, మీదికెళ్లి వంద.
ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట ఆమె చేతులు చూసిన.
పంజ కొట్టేకాడ రెండు పోగులు ఎగవెడితే
గిరాకికి తెల్వదు.
నేసినోళ్లకే తెలుస్తది.
కూసున్న కుర్చీల ఎనుకకు ఒరిగిన.

పని మొదలువెట్టే ముంగట
ఆమె చిన్నద్దం ముందటి పంటి కాడ ఆగింది.
"ఈ గాడి ఏంది?"
నూలమ్మా. ముప్పై రెండేండ్ల నూలు.
ఒక చేత కండె, ఒక చేత పంజ,
కత్తెర దేవులాడే తీరికెవలికి?
పోగు కొస నోట్లవెడితే
సక్కగ వోయి గా గాడిలనే కూసుంటది.

"నింపాల్నా? ఏడు వందలైతది."
వద్దన్న.
"అయితే కత్తెర కొనుక్కో, పన్ను ఇంక అరిగితే ఇరుగుతది.
ఈ మాటకు పైసల్లేవు."

సగం మూతి మొద్దువారి ఇంటికొచ్చిన,
చాయ్ తాగుతే గదుమ మీదికెళ్లి కారింది,
మనుమరాలు నవ్విందే నవ్వింది.
తొవ్వల అరవై రూపాలకు కత్తెర కొన్న.
చేతికందేటట్టు మగ్గానికి ఏలాడగట్టిన.

కట్టినంక మిగిలిన పోగును
పంటితోనే కొరికిన.